తడి చెయ్యి, తుమ్మ పిడి

“పిడి మాత్తరం సేవున్న కర్రతో సెయ్యాల బాబూ. సేవ నేని కర్రయితే నాకొద్దు.”

ఫోనులో ఈ మాట వచ్చేసరికి జాన్ పాల్ దువ్వాడలో తన ఇంటి వెనక రేకుల షెడ్డులో చెమట తుడుచుకుంటున్నాడు. ఏప్రిల్ నెలాఖరు. ముప్పై ఏళ్ళు ఉక్కులో పనిచేసి రిటైరైన మనిషికి చివరికి మిగిలింది ఉక్కపోతేనని అతనే అని, అతనే నవ్వుకుంటాడు. ఇంట్లో ఇంకెవరూ ఆ మాటకి నవ్వడం మానేసి చాలా కాలమైంది. రిటైరయ్యాక కాలక్షేపానికి చేత్తో కత్తులు చెయ్యడం మొదలుపెట్టాడు. అందులోనూ కత్తి కన్నా పిడి మీద మక్కువ ఎక్కువ. ఏ పిడికి ఏ కర్ర అన్న విషయంలో అతనిది అచ్చమైన పిడివాదం. మెత్తటి కర్రని షెడ్డు గుమ్మం తొక్కనివ్వడు.

“సేవ ఉన్న కర్రా?” అన్నాడు ఫోను రెండో చెవికి మార్చి.

“అదే బాబూ. మాయమ్మ కత్తికీ అదే, మాయత్త కత్తికీ అదే. సేవుంటేనే పిడి నిలబడతాది.”

అవతల మాట్లాడుతున్నది గురువమ్మ. ఊరు యారాడ. ముప్పై ఏళ్ళుగా ఫిషింగ్ హార్బర్లో ఒకే చోట, ఒకే చింతమొద్దు ముందు కూర్చుని, కొన్నవాళ్ళకి పెద్ద చేపలు కోసిపెడుతుంది. జాన్ పాల్ ఆమె దగ్గరే శనివారం శనివారం వంజరం ముక్కలు కొట్టించుకుంటాడు. ముక్క ముక్కకీ మందం మారదు. చింత మొద్దు ముందు కూర్చున్నా చింత లేని మనిషి అని ఆమె గురించి ఇంట్లో చెబుతుంటాడు.

ఫోను పెట్టేశాక ఆ మాటనే నెమరేసుకున్నాడు. కిందటి నెలే అతన్ని చర్చి సంఘంలో పెద్దగా ఎన్నుకున్నారు. అప్పటినుంచి చెవిలో పడుతున్నదంతా సేవే. కుర్చీలు వేసే సేవ, మైకు సేవ, ప్రేమవిందు రోజు వడ్డన సేవ. ఇప్పుడు చేపలు కోసే గురువమ్మ కూడా సేవ అంటోంది. అంటే కొత్త కర్ర పనికిరాదు. పదిమందికీ ఉపయోగపడి, సేవ చేసి చేసి అరిగిన కర్ర కావాలి.

“ఎంత మాటందో చూడు కృపా,” అన్నాడు భార్యతో. “సేవ చేసిన కర్రతోనే పిడి వెయ్యాలట. మనకి తట్టిందా ఎప్పుడైనా?”

కృపావతి ఆ మాటని ఆదివారం స్త్రీల కూడికలో చెప్పింది. పాస్టరమ్మ ఫెబా దాన్ని తన డైరీలో రాసుకుంది. తరవాతి వారానికల్లా, ముఖం ఎరగని గురువమ్మ దువ్వాడ సంఘంలో మంచి పేరున్న మనిషైపోయింది.

కత్తి తెచ్చుకోవడానికి జాన్ పాల్ హార్బరుకి వెళ్ళాడు. వేట నిషేధం రోజులవి. జూన్ పద్నాలుగు దాకా మరబోట్లు సముద్రం మీదికి వెళ్ళకూడదు. బోట్లన్నీ జెట్టీకి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, సెలవుల్లో పిల్లల్లా ఊరికే ఊగుతున్నాయి. చిన్న తెప్పల మీద వచ్చిన చేప తప్ప సరుకు లేదు. కోసేవాళ్ళ వరస కూడా పలచగా ఉంది.

గురువమ్మ కత్తిని చేతికివ్వలేదు. గోనె మీద పెట్టింది.

“కత్తి సేతికియ్యకూడదు బాబూ, తగువొత్తాది. తీసుకో.”

తీసుకున్నాడు. జానెడున్నర రేకు. లారీ కమాను పట్టీని సాగదీసి ఎవరో కమ్మరి దిట్టంగా చేశాడు. దానికున్న పిడి మాత్రం ప్లాస్టిక్కు. పాత కర్రపిడి పగిలిపోతే ఎవరో తగిలించినట్టుంది. దాని చుట్టూ సైకిల్ ట్యూబు, ట్యూబు చుట్టూ గుడ్డ, గుడ్డ చుట్టూ వల దారం.

“పిడికి ఇన్ని బట్టలెందుకమ్మా? చలా?”

ఆమె నవ్వలేదు. కుడిచెయ్యి ముందుకు చాపింది. బొటనవేలి మొదట్లో నల్లటి మచ్చ ఉంది. “కిందటేడు జెల్ల ముల్లు దిగిపోనాది. సీమంతా పోయి పుండు మానింది గాని, ఏలు వొంగడం మానేసింది. సూడు.” నాలుగు వేళ్ళూ ముడుచుకున్నాయి. బొటనవేలు మాత్రం ఎవరికో దారి చూపిస్తున్నట్టు నిటారుగా నిలబడింది. “అది పట్టుకోదు. పట్టు నేకపోతే కత్తి సేతిలో తిరిగిపోతాది. రెండుసార్లు ఎడంసెయ్యి తెగింది.”

పక్క గోనె మీద కూర్చున్న ఆమె కోడలు సాయిదుర్గ అప్పటిదాకా తలెత్తకుండా చిన్న కవ్వ చేపలకి పొలుసు గీస్తోంది. ఇప్పుడు ఎత్తింది.

“మాటిచ్చింది కూడా సెప్పు అత్తా.”

“సెప్తన్నాను కదే.”

“నువ్వు సెప్పవు, నాను సెప్తాను. బాబూ, మూడోసారి సెయ్యి తెగితే కత్తి కిందెట్టేసి ఇంటికాడ కూకుంటానని సత్తెనారాయనస్వామి మీద వొట్టేసింది. డాట్రు కూడా సెప్పినాడు, ఈసారి నరం తెగితే సెయ్యే ఉండదని. ఇదే ఆకరి పిడి.”

“ఇంటికాడ కూకుని ఏటి సెయ్యాలి? మీ మామ మొకం సూడాలా?” అంది గురువమ్మ. కానీ ఆ మాటలో పదును లేదు. జాన్ పాల్ ఆమె కళ్ళవైపు చూశాడు. ఆమె చూస్తున్నది మొద్దుని. నడిమధ్య గిన్నెలా గుంటపడిన ఆ చింతమొద్దుని, అందులో ముప్పై ఏళ్ళ దెబ్బలని. “బోట్లు మళ్ళీ ఎల్లేటప్పటికి పిడి కావాల బాబూ. పెద్ద సేప వత్తాది. అప్పుడు నా సోట్లో నాను నేకపోతే ఇంకోలు కూకుంటారు. ఒకసారి కూకున్నోలు మరి లెగరు.”

*

సేవ చేసిన కర్రంటే జాన్ పాల్‌కి మొదట గుర్తొచ్చింది చర్చి బెంచీ. వెనక వరసలో కాలు విరిగిందొకటి వరండాలో పడుంది. నలభై ఏళ్ళ టేకు. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని సంతాప కూటాలు, ఎంతమంది నిద్రలు మోసిందో దానికే తెలియాలి. పాస్టరుగారిని అడిగితే సంతోషంగా ఇచ్చారు. మూర పొడుగు ముక్క కోసుకుని, మిగిలిన చెక్కని షెడ్డులో నిలబెట్టాడు.

టేకు కోతకి లొంగే కర్ర. రంపానికి ఎదురు చెప్పదు, ఆకురాయిని విసిగించదు. రెండు చెక్కలుగా చీల్చి, రేకుకి అటూ ఇటూ పెట్టి, ఇత్తడి రివిట్లు దించాడు. తన పిడికిట్లో పట్టి చూసి, తనకి ఎక్కడ నిండుగా ఉందో అక్కడ గుండ్రం తేల్చాడు. తరవాత పాలిష్. గరుకు కాగితంతో మొదలెట్టి, మెత్తటి కాగితం దాకా ఆరు రకాలు. ఏడోది గుడ్డ. పిడిలో ముఖం కనిపించాలి. అంతవరకు అతనికి పని పూర్తయినట్టు కాదు.

హార్బర్లో గోనె మీద పెట్టాడు. గురువమ్మ తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“సేవుందా బాబూ ఇందులో?”

“నలభై ఏళ్ళ సేవమ్మా.”

“నలబయ్యేల్లా.” ఆమె కనుబొమలు పైకి లేచాయి. “అయితే ముదురుదే.”

ఒక తెప్ప మీద వచ్చిన మూడు కేజీల పార చేపని మొద్దు మీద వేసింది. తల దగ్గర మొదటి దెబ్బ బాగానే పడింది. రెండోది కూడా. లోపల చెయ్యి పెట్టి పేగు లాగి, మళ్ళీ కత్తి పట్టుకునేసరికి అరచేతినిండా చేప జిగురు. మూడో దెబ్బకి కత్తి ఆమె పిడికిట్లో పావు వంతు తిరిగింది. పదును పక్కకి పోయి మొద్దు అంచు మీద దిగింది. ఎడంచేతి వేళ్ళకీ దానికీ మధ్య బియ్యపుగింజంత దూరం.

సాయిదుర్గ లేచి వచ్చి చేపని తన గోనె మీదికి లాక్కుని మిగతా ముక్కలు కొట్టింది.

“టేకు గదా బాబూ,” అంది గురువమ్మ నెమ్మదిగా. తప్పు తనదన్నట్టు చేతిని గోనెకి రాస్తోంది. “దానికి నూనుంటాది. ఇంకా గట్టిదేదన్నా సూడు.”

*

గట్టిదే చూద్దామనుకున్నాడు జాన్ పాల్. సేవ పని చెయ్యలేదు కాబట్టి ఇక తన విద్యనే నమ్ముకున్నాడు. ఫ్యాక్టరీలో అతని పని ఉక్కు గట్టిదనం చూడ్డం. మిషను కింద ముక్క పెట్టడం, గుంట ఎంత లోతు పడిందో చూడ్డం, కాగితం మీద అంకె వెయ్యడం. ముప్పై ఏళ్ళలో అంకె అబద్ధం చెప్పలేదు. కర్రకి మిషను లేదు గాని, మూడు పరీక్షలున్నాయి. గోరుతో నొక్కితే గాటు పడకూడదు. నీళ్ళలో వేస్తే మునగాలి. రెండు ముక్కలు తాటిస్తే ఖణేల్మనాలి.

అటక మీంచి సంచీ దించాడు. సరుగుడు, చింత, మద్ది, నల్లతుమ్మ, రోజ్‌వుడ్. తుమ్మ ముక్కని ముందుగా తీసి ఆకురాయితో ఒక గీత గీశాడో లేదో, ఎర్రటి పొడి ముక్కులోకి పోయి షెడ్డు రేకులు అదిరేట్టు తుమ్మాడు.

“కూర్చోండి, కూర్చోండి,” అంటూ కృపావతి వంటింట్లోంచి నీళ్ళ గ్లాసుతో వచ్చింది. “పని మొదలెడుతూ తుమ్మేరు. కాస్త నీళ్ళు తాగి మొదలెట్టండి.”

“మనం శకునాలు నమ్మం కృపా.”

“నమ్మొద్దు. నీళ్ళు తాగడానికి నమ్మకం ఎందుకు?”

తాగాడు. తాగి, తుమ్మ ముక్కని సంచీలో పడేశాడు. శకునాన్ని నమ్మకపోయినా తుమ్ముని నమ్మాడు. అసలు తుమ్మంటే అతనికి చిన్నచూపే. పొలం గట్టు మీద ముళ్ళకంప, పొయ్యిలోకి పుల్ల, బండి చక్రానికి చెక్క. దానికి పాలిష్ పెడితే మాత్రం ఎవరు చూస్తారు?

రోజ్‌వుడ్డు సంగతి వేరు. వన్‌టౌనులో పాత బంగళా పడగొట్టేటప్పుడు దొరికిన మంచం కోడు అది. పదేళ్ళుగా దాచాడు. గోటికి లొంగలేదు, నీళ్ళలో మునిగింది, తాటిస్తే గంటలా మోగింది. మూడు పరీక్షల్లోనూ ఫస్టు క్లాసు. కొయ్యాలంటే మనసొప్పలేదు. కొయ్య ఉన్నదే కొయ్యడానికని సర్దిచెప్పుకుని రంపం పెట్టాడు. ఈసారి ఎనిమిది రకాల కాగితం వాడాడు. పిడిలో అతని ముఖమే కాదు, ముఖం మీద మొటిమ కూడా కనిపించింది.

జూన్ ఐదో తారీఖున అది కూడా తీసుకెళ్ళాడు. గురువమ్మ పట్టుకుని చూసి, చిన్నపిల్ల గాజులు చూసుకున్నట్టు మురిసిపోయింది. చుట్టుపక్కల కోసేవాళ్ళు కూడా వచ్చి తడిమి చూశారు. ఆ తరవాత ఆమె రెండు కేజీల వంజరాన్ని మొద్దు మీద పెట్టింది. ఒక దెబ్బ, రెండు దెబ్బలు. మూడోసారి కత్తి పైకెత్తినప్పుడు అది చేతిలోంచి జారి, భుజం మీదుగా వెనక్కి ఎగిరి, సాయిదుర్గ పాదానికి పక్కన సిమెంటు నేల మీద ఠంగుమని పడింది.

సాయిదుర్గ కత్తి తీసింది. అత్త చేతికివ్వలేదు. గోనె మీదా పెట్టలేదు. తన ఒళ్ళోనే ఉంచుకుంది.

“తెగలేదు గదే,” అంది గురువమ్మ.

“నీకు తెగలేదు అత్తా. నాకు తెగేది.”

గురువమ్మ మొద్దు మీది పొలుసు ఊడ్చేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒకటికి నాలుగుసార్లు తుడుచుకుంది. “బోట్లెల్లడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి,” అంది చివరికి. ఎవరితో అన్నదో తెలియదు. “ఒక్కసారి. ఇంకొక్క పిడి సూత్తాను. అదీ జారితే మొద్దు నీదే.”

జాన్ పాల్ సాయిదుర్గ దగ్గర కత్తి అడిగి తీసుకుని, పిడిని జేబురుమాలుతో మళ్ళీ తుడిచాడు.

వెనక జెట్టీ గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన అది చూసి నవ్వాడు. అతను గురువమ్మ భర్త నూకాలు. పదిహేనేళ్ళప్పటినుంచి వేటకి వెళ్ళినవాడు, ఈ మధ్యే ఇంటిపట్టున ఉంటున్నాడు.

“మేస్త్రీ,” అన్నాడు నోట్లోంచి దారం తీసి, “నాను పొద్దున్నుంచి సూత్తన్నాను. ఆ సెక్కని నువ్వు ఎన్నిసార్లు తుడిసినావో లెక్కెట్టినావా?”

“మరక పడకూడదని.”

“అదే మరి. నువ్వు కర్రని పొడిగా సూత్తావు. అది బతికేది తడిలో. పెళ్ళిసూపుల్లో పిల్లని సూసినట్టు సూత్తన్నావు గాని కాపరం ఎలగ సేత్తాదని సూడవేటి? రేపు యారాడ రా. ఆ సంచీలో ఉన్నాయన్నీ అట్టుకురా.”

*

మర్నాడు పొద్దున్నే సంచీలో టేకు ముక్క కూడా వేసుకుని, గాజువాకలో బస్సు మారి, కొండ దిగి యారాడ చేరాడు. నూకాలు ఇంటి ముందు ఇసకలో ఫైబరు బోటు బోర్లించి ఉంది. దాని నీడలో పాత తెడ్డొకటి. నూకాలు సంచీలోని ముక్కలన్నీ తీసుకెళ్ళి అల తాకేచోట తడి ఇసకలో పాతేశాడు. ఇద్దరూ టీ తాగారు. జాన్ పాల్ తన మూడు పరీక్షల గురించి చెప్పాడు. నూకాలు శ్రద్ధగా విన్నాడు.

“బాగున్నాయి. మునిగే కర్ర మంచిదంటావు. తెడ్డు సేసేవోడు ఆ మాటంటే మావోలు వోడినే ముంచేత్తారు.”

గంట తరవాత ముక్కలు తవ్వి తెచ్చాడు. ఒక బక్కెట్లో కవ్వలు కడిగిన నీళ్ళున్నాయి. వెండిపొలుసు తేలుతోంది, జిగురు సాగుతోంది.

“సెయ్యి ముంచు.”

ముంచాడు.

“ఇప్పుడు ఆ బొటనేలు ఇలగియ్యి.” నూకాలు ఒక వెదురు పుల్లని జాన్ పాల్ బొటనవేలికి ఆనించి, వల దారంతో గట్టిగా చుట్టి ముడేశాడు. వేలు నిటారుగా నిలబడింది. “ఇప్పుడు నువ్వు మాయాడదానివి. పట్టు.”

రోజ్‌వుడ్ ముక్క ఇచ్చాడు. జాన్ పాల్ నాలుగు వేళ్ళతో బిగించాడు. నూకాలు రెండో కొస పట్టుకుని, పాల సీసా మూత తిప్పినంత నెమ్మదిగా తిప్పాడు. సబ్బుబిళ్ళలా గిర్రున తిరిగింది. టేకూ అంతే. సరుగుడు కాస్త ఆగి, ఆలోచించి, తిరిగింది. చింత బరువుకి ముంజేయి లాగేసింది. మద్ది పరవాలేదనిపించి మోసం చేసింది.

ఒక్కొక్కటీ జారుతున్నకొద్దీ జాన్ పాల్‌కి లోపల ఏదో జారుతోంది. రెండు పిడులూ తన చేతికి సరిపడా చేశాడు. తన ఎండిన చేతికి, తన వంగే బొటనవేలికి. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఉక్కుకి అంకెలు వేశాడు. ఆ ఉక్కు ఎక్కడికి పోయిందో, పట్టాలైందో, ఎవరింటి పైకప్పులో ఊచైందో ఎన్నడూ చూడలేదు. చూడమని ఎవరూ అడగనూ లేదు. అంకె వేస్తే అతని పని అయిపోయేది. ఆ అలవాటే షెడ్డులోకీ వచ్చేసిందన్నమాట. దారం బిగుసుకుని వేలు జుమ్మంటోంది. గురువమ్మకి ఏడాదిగా ఇలాగే ఉందని, ఆ మాట చేతితో తెలిసింది.

ఆఖరిది తుమ్మ. తడికి దాని ఎరుపు ముదిరి ఇటుకరంగైంది. పైన సన్నటి నూగు లేచింది, రెండ్రోజుల గడ్డంలాగా. పట్టుకున్నాడు. నూకాలు తిప్పాడు. ఆగింది. ఇంకా గట్టిగా తిప్పాడు. జాన్ పాల్ మణికట్టు తిరిగింది గాని, కర్ర పిడికిట్లోనే ఉంది.

“ఆ,” అన్నాడు నూకాలు. అంతే.

తరవాత నీడలోని తెడ్డు తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఆకు ఒక కర్ర, చెయ్యి పట్టేచోట ఇంకో కర్ర, రెంటినీ తాడుతో బిగించారు. పట్టు నల్లబడిపోయింది. “ఇది తుమ్మే. మా నాన్న ఏసినాడు. గుండ్రంగా ఉందేటి? తడిమి సూడు.”

గుండ్రంగా లేదు. కోడిగుడ్డుని రెండు పక్కలా కొద్దిగా నొక్కినట్టుంది. నాలుగు వేళ్ళు ఒక పక్కన ఆనితే, అరచెయ్యి రెండో పక్కన ఆనుతుంది. బొటనవేలుకి పనే లేదు.

“మరి ఇన్నేళ్ళు నున్నగా అరిగిపోలేదేం?”

నూకాలు ఇంట్లోకి వెళ్ళి అట్టముక్కలాంటిదొకటి తెచ్చాడు. ఎండబెట్టిన తోలు, చాటంత వెడల్పుండే టేకు చేపది. మీద చెయ్యి వేస్తే పిల్లి నాలుక తగిలినట్టుంది. “అరిగినప్పుడల్లా దీంతో అడ్డంగా రెండు రుద్దులు. నిలువుగా రుద్దితే నునుపు, అడ్డంగా రుద్దితే పట్టు.”

టేకు కర్ర చెయ్యలేని పని టేకు చేప చేస్తుందన్నమాట అనుకున్నాడు జాన్ పాల్. ఆ మాట పైకి అన్నాడు కూడా. నూకాలు అర నిమిషం ఆగి, భుజాలు కదిలేలా నవ్వాడు. ఇంట్లో ముప్పై ఏళ్ళుగా దొరకని నవ్వది.

“అయితే పాలిష్ వద్దంటావ్.”

“నీ మొకం సూసుకోడానికి ఇంట్లో అద్దం నేదేటి బావా?”

*

తుమ్మ పిడికి ఐదు రోజులు పట్టింది. తుమ్ములకి లెక్క లేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నా ఆగలేదు. ఒక్కో తుమ్ముకీ కృపావతి గ్లాసుతో వచ్చింది. మూడో రోజుకి బిందే షెడ్డులో పెట్టేసింది.

పై పొట్టు తెల్లగా ఉన్న భాగం మొత్తం చెక్కేసి, లోపలి ఎర్రటి గుండె మాత్రమే ఉంచాడు. గుడ్డు నొక్కినట్టు నొక్కు తెచ్చాడు. బొటనవేలికి మళ్ళీ పుల్ల కట్టుకుని, చెయ్యి బక్కెట్లో ముంచి, పట్టి చూశాడు. కొంచెం గీశాడు. మళ్ళీ ముంచాడు. షెడ్డంతా నీచు కొట్టింది. వీధి పిల్లులు గుమ్మంలో బారులు తీరాయి.

ఆఖరిరోజు అవిసెనూనె పట్టించాక, చెయ్యి దానంతటదే మెత్తటి కాగితం వైపు వెళ్ళింది. పిడి మసకగా, గరుగ్గా, తల దువ్వుకోని పిల్లాడిలా ఉంది. ఇది నా షెడ్డులోంచి వెళ్ళిందంటే ఎవరు నమ్ముతారు? ఒక్క రుద్దు. కొస దగ్గర మాత్రం. అక్కడ చెయ్యి తగలదు గదా. కాగితం తీసి పిడి మీద ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. తరవాత దాన్ని మడిచి డబ్బాలో పెట్టేసి, నూకాలు ఇచ్చిన టేకు తోలు తీసి అడ్డంగా రెండు రుద్దులు రుద్దాడు.

*

వేట మొదలైన నాలుగో రోజు శనివారం. బోట్లు తిరిగొచ్చాయి. హార్బరంతా ఐసు, అరుపు, డీజిలు వాసన. జాన్ పాల్‌తో పాటు కృపావతి కూడా వచ్చింది. సేవ అన్న ఆ మహాతల్లిని కళ్ళారా చూడాలని పాస్టరమ్మ ఫెబా కూడా వచ్చింది, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని.

గోనె మీద కత్తి పెట్టాడు. గురువమ్మ దాన్ని చూసింది. ఈసారి మురిసిపోలేదు. ముందు చేతిని చేపల తొట్లో ముంచి, ఆ తరవాతే కత్తి తీసింది. పట్టు కొద్దిగా సర్దుకుంది. బొటనవేలు పక్కకి నిటారుగా నిలబడే ఉంది.

“ఎనిమిది కేజీలది ఎయ్యి,” అంది సాయిదుర్గతో.

“చిన్నదాంతో మొదలెట్టొచ్చు గదమ్మా,” అన్నాడు జాన్ పాల్.

“సిన్నదానికి నువ్వు సాలు బాబూ. నాను పెద్దదానికే గదా కూకున్నాను.”

వంజరం మొద్దు మీద పడింది. తల మీద మొదటి దెబ్బ. తల వేరైంది. పేగు లాగింది. చెయ్యి మణికట్టు దాకా జిగురు. జాన్ పాల్ దెబ్బలు లెక్కపెడుతున్నాడు. మూడో దెబ్బ. ముక్క పడింది. నాలుగు. అయిదు. వెన్నుముల్లు దగ్గర కత్తి ఒక్క క్షణం ఆగితే, అతనికి చప్పున యారాడ ఇసక గుర్తొచ్చింది. ఆమె మణికట్టు తిరిగింది. కత్తి తిరగలేదు. ముల్లు తెగింది. ఆ తరవాత లెక్కపెట్టడం మానేశాడు. ముక్కలు ఒకదాని పక్కన ఒకటి, ఒకే మందంతో వాలిపోతూ వచ్చాయి.

సాయిదుర్గ చేపంతా అయ్యేదాకా చూసింది. లేచి వెళ్ళి, ఇంకో పెద్ద వంజరాన్ని తోకపట్టి ఈడ్చుకొచ్చి అత్త మొద్దు మీద పెట్టి, తన గోనెని అరగజం వెనక్కి జరుపుకుంది. గురువమ్మ ఆ జరగడం చూసింది. చూసి, కత్తిని నీళ్ళలో ఝాడించింది.

అప్పుడు ఫెబా ముందుకొచ్చి చేతులు జోడించింది. “అమ్మా, మీ గురించి మా సంఘమంతా చెప్పుకున్నాం. సేవ చేసిన కర్రతోనే పిడి కావాలన్నారట. ఎంత గొప్ప హృదయం మీది.”

గురువమ్మ ఆమెని చూసింది, జాన్ పాల్‌ని చూసింది, కత్తిని చూసింది.

“సేవ సేసిన కర్రేటమ్మా? కర్ర సేవెలగ సేత్తాది? సేవున్న కర్రన్నాను. పై పొట్టు కాదు, లోపల సేవ. ఇదిగో, ఈ ఎర్రది.” పిడిని గోటితో తట్టింది.

ఒక్క క్షణం తరవాత, భీమిలిలో పుట్టి ఈ యాస వింటూ పెరిగిన కృపావతి చెవికి అందింది. నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. “ఏమండీ,” అంది ఊపిరి అందుకుని, “ఆవిడన్నది చేవండీ. చేవ.”

జాన్ పాల్ నుదురు కొట్టుకున్నాడు. చేవ. షెడ్డులో రోజుకి పదిసార్లు తనే అనే మాట. పైపొట్టు చెక్కేస్తే లోపల మిగిలే గట్టి గుండె.

“సేప అంటే చేప అని, ఈ ఊరొచ్చిన ముప్పై నాలుగేళ్ళుగా దిద్దుకుంటున్నాను కదమ్మా,” అన్నాడు, కోసేవాళ్ళ వరసంతటికీ వినపడేట్టు. అతనికి చిన్నగా మాట్లాడ్డం రాదు. “సేప అనే మాట వేరే ఏదీ లేదు, కాబట్టి చెవి దిద్దేసుకుంది. సేవ అన్న మాట మాత్రం ఉందిగా. సొంత ఇల్లున్న మాట. ఆ ఇంట్లో అద్దెకొచ్చిన చేవని ఎలా పట్టుకుంటాను?” ఇక అక్కణ్ణుంచి మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఫోను, సంఘం, విరిగిన బెంచీ, పాస్టరమ్మ డైరీ, నలభై ఏళ్ళ సేవ. ఒక్కొక్క ముక్కకీ వరసలో ఒక్కొక్కరు కత్తి ఆపారు. కోయించుకోవడానికొచ్చినవాళ్ళు కూడా సంచీలు పట్టుకుని నిలబడిపోయారు. గట్టు మీంచి నూకాలు, వినపడలేదు మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు. ఫెబా తన డైరీ తీసి, ఆ పేజీ కొట్టెయ్యాలో ఉంచాలో తెలియక, వేలు పెట్టి మూసి పట్టుకుంది.

“నలబయ్యేల్ల సేవుందంటే ముదురు మానేమో అనుకున్నాను నాను,” అంది గురువమ్మ. నవ్వితే ఆమె భుజాలు కూడా మొగుడి భుజాల్లాగే కదులుతాయి. రెండో వంజరాన్ని సర్దుకుని కత్తి ఎత్తబోయి ఆగింది. “అవునుగాని బాబూ, ఆ బెంచీ సెక్క ఇంకా మిగిలి ఉన్నాదా?”

“రెండు గజాలుందమ్మా.”

“మా తూకం బల్లకి కాలు ఇరిగిపోనాది. వచ్చే శనివారం అట్టుకొచ్చి ఎయ్యి. అలవాటున్న కర్ర. సేవ సేత్తాది.”